పాసులు లేవండీ, టికెట్ కొనుక్కుని రండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో లెటర్స్ కాలమ్ రోజూ చదువుతా గానీ రాయడం ఎప్పుడూ కుదర్లేదు, ఇప్పుడు రాయక తప్పట్లేదు. మేం కొంతమందిమి కలిసి ఒక చిన్నపిల్లల హాస్పిటల్‌కి డబ్బు పోగుచెయ్యడానికి మ్యూజిక్ ప్రోగ్రాం చేస్తున్నాం. డేటు, హాలు, టికెట్లు ఎక్కడ దొరుకుతాయి అన్నీ విడిగా ప్రకటనలో వస్తాయి కాబట్టి ఇక్కడ రాయట్లేదు. అందులో నేను కీబోర్డ్ వాయిస్తా, దాంతోపాటు టికెట్ల పని కూడా నా నెత్తినే పడింది. అమ్మకాలు మొదలైన దగ్గర్నుంచీ నాకొచ్చే ఫోన్లు రెండే రకాలు, ఒకటి "ఎవరెవరు పాడుతున్నారు", రెండోది "పాసులేమన్నా ఉన్నాయా". మొదటిదానికి ఎంతసేపైనా జవాబు చెప్తా. రెండోదాని కోసమే ఈ లెటర్.

పాసులు లేవండీ. తెలిసినవాళ్ళ కోసం దాచుకుని మీకు లేవని చెప్పడం కాదు, అసలు ప్రింటే చెయ్యలేదు. పాడేవాళ్ళ ఇంట్లోవాళ్ళు కూడా టికెట్ కొనుక్కునే వస్తున్నారు, మా ఇంట్లోవాళ్ళూ అంతే. మామూలు షో అయితే హాలు నిండుగా కనపడాలని, పెద్దమనుషులు ముందు వరసలో కూర్చోవాలని పాసులు పంచుతారు, అది వేరే లెక్క. ఇక్కడ హాల్లో ఉన్న సీట్లే మా దగ్గరున్న సరుకు, ఒకటి ఫ్రీగా ఇచ్చామంటే అంతమేరకు హాస్పిటల్ జేబులోంచి తీసి ఇచ్చినట్టే. విచిత్రం ఏంటంటే పాసు అడిగేవాళ్ళలో టికెట్ కొనలేనివాళ్ళు దాదాపు ఉండరు. "మేం వస్తే మీకు సపోర్టే కదా" అంటారు. రండి, చాలా సంతోషం, కానీ ఆ సపోర్టేదో టికెట్ కౌంటర్ దగ్గర నుంచే మొదలుపెట్టండి. ఇంకొంతమంది ఉన్నారు, మేం రాలేం గానీ రెండు టికెట్లు మా పేరున కొని ఎవరికైనా ఇవ్వండి అంటున్నారు, అవి ఆ హాస్పిటల్లో డ్యూటీ దిగొచ్చే నర్సులకి ఇస్తున్నాం. ఆ నర్సులు మాత్రం ఒక్కరు కూడా నన్ను పాసు అడగలేదు.

పిల్లలకి సెపరేట్‌గా హాస్పిటల్ ఎందుకు, పెద్దాసుపత్రిలో ఓ వార్డు ఉంటే సరిపోదా అని ఒకాయన సూటిగానే అడిగారు. అడగాల్సిన ప్రశ్నే, కొంచెం వివరంగా చెప్తా. ఆ హాస్పిటల్ వాళ్ళు మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి చూపించారు, అక్కడ గోడకి బీపీ చూసే పట్టీలు వరసగా వేలాడుతున్నాయి, పెద్దవాళ్ళ వార్డుల్లో అయితే ఒకటో రెండో ఉంటాయి కదా, ఇక్కడ అన్నిటికన్నా చిన్నది నా రెండు వేళ్ళంత వెడల్పు ఉంది, అక్కడ్నుంచి పెరుగుతూ పోతే చివరిది నా చేతికి కూడా సరిపోతుంది. పిల్లలు అంటే ఒక సైజు కాదు, కిలో కూడా లేకుండా పుట్టిన బిడ్డ నుంచి మీసాలొస్తున్న కుర్రాడి దాకా అందరూ పిల్లలే. ఊపిరి ఆడనప్పుడు గొంతులోకి వేసే గొట్టం లోపలి వెడల్పు రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర మొదలై అర మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, ఏ సైజు పిల్లాడొస్తాడో ముందు తెలీదు కాబట్టి అన్ని సైజులూ రాత్రీ పగలూ చేతికందేలా ఉండాలి, కొన్ని వాడకుండానే ఎక్స్‌పైరీ అయిపోతాయి, అయినా మళ్ళీ కొని పెట్టాల్సిందే. ఆక్సిజన్ చూసే క్లిప్పు మనకైతే వేలికి పెడతారు, పుట్టిన బిడ్డ వేలికి అది నిలబడదు, పాదానికి చుట్టే మెత్తటి పట్టీ లాంటిది వేరే ఉంటుంది.

రక్తం సంగతి విన్నప్పుడు నాకు నిజంగా నోట మాట రాలేదు. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తం 90 మిల్లీలీటర్లు అటూఇటూ, ఒక టీ కప్పు కూడా సరిగ్గా నిండదు. అందులోంచి టెస్టుకని మనకి తీసినట్టు ఐదేసి మిల్లీలీటర్లు తీస్తూ పోతే నాలుగు రోజుల్లో బిడ్డకి మళ్ళీ రక్తం ఎక్కించాల్సొస్తుంది. అందుకని చుక్కల్లెక్కన తీసి టెస్ట్ చేసే మిషన్లు కావాలి, అవి వాడటం తెలిసిన ల్యాబ్ మనుషులు కావాలి. మందు కూడా కిలోకి ఇంత అని లెక్కగట్టి ఇవ్వాలి, సిరంజి పంపు అని ఒకటి ఉంటుంది, గంటకి ఒక మిల్లీలీటరులో పదో వంతు మందు కూడా సన్నగా ఎక్కించగలదు. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగిందా, డోసు పదింతలైపోతుంది. అందుకే కొన్ని మందులకి ఇద్దరు నర్సులు విడివిడిగా లెక్కేసి ఇద్దరికీ ఒకే నంబరొస్తేనే ఎక్కిస్తారు, అంటే ఒక్కో బెడ్‌కి మనుషులు కూడా ఎక్కువ కావాలన్నమాట. ఇక ఎమ్మారై. పెద్దవాళ్ళని అరగంట కదలకుండా పడుకోమంటే విసుక్కుంటూ అయినా పడుకుంటారు, మూడేళ్ళవాడికి చెప్పి చూడండి. చాలాసార్లు మత్తు ఇవ్వాల్సిందే, మత్తు అంటే మత్తు డాక్టరు, మానిటరు, లేచేదాకా పక్కన ఓ మనిషి. ఒక్క స్కానింగ్ వెనకాల ఇంత ఉంది.

ప్రోగ్రాం డబ్బుతో ఏం కొందామని అడిగితే హాస్పిటల్ వాళ్ళిచ్చిన లిస్టులో సిరంజి పంపులున్నాయి, నెలలు నిండని బిడ్డల్ని వెచ్చగా ఉంచే వార్మర్లున్నాయి, వాటితోపాటు వాల్చి పడుకునే కుర్చీలు కూడా ఉన్నాయి. కుర్చీలేంటి అని మాలో ఒకరికి డౌటొచ్చింది. పిల్లాడు ఒక్కడే అడ్మిట్ అవ్వడు కదండీ, వాడితోపాటు అమ్మో నాన్నో ఉండాల్సిందే, వాళ్ళు రాత్రంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తల బెడ్ అంచున ఆనించి కునుకు తీస్తున్నారు. నా ఓటు అయితే ముందు ఆ కుర్చీలకే.

ఇది ఎక్కడో కొద్దిమందికొచ్చే కష్టం కూడా కాదు. ప్రపంచంలో పుట్టే ప్రతి పదిమందిలో సుమారు ఒకరు నెలలు నిండకుండా పుడుతున్నారు, 2020లో అలా పుట్టినవాళ్ళు కోటీ 34 లక్షలమంది అని డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) లెక్క. గుండెలో ఏదో ఒక లోపంతో పుట్టేవాళ్ళు వెయ్యికి ఎనిమిది తొమ్మిది మంది. కేన్సర్ అయితే ఏటా దాదాపు నాలుగు లక్షలమంది పిల్లలకీ టీనేజర్లకీ వస్తోంది, డబ్బున్న దేశాల్లో వాళ్ళలో వందకి 80 మందికి పైగా నయమైపోతోంది, పేద దేశాల్లో 30 మందికి కూడా కావట్లేదు. జబ్బులో తేడా ఏం లేదు. గుర్తుపట్టడం లేటవడం, మందు సమయానికి దొరక్కపోవడం, ట్రీట్‌మెంట్ మధ్యలో ఆపేసి ఇంటికెళ్ళిపోవడం, ఇలాంటివీ కారణాలు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం బ్లడ్ కేన్సర్‌కి ట్రీట్‌మెంట్ రెండు మూడేళ్ళు నడుస్తుంది, అన్నాళ్ళు పనులు మానుకుని తిరగడం ఎవరివల్ల అవుతుంది? అందుకే మా డబ్బులో కొంత మిషన్లకి కాకుండా బయట నుంచి వచ్చే కుటుంబాల ఉండే ఖర్చులకీ దారి ఖర్చులకీ పక్కన పెట్టమని హాస్పిటల్ వాళ్ళే అడిగారు. మిషన్ మీద డోనర్ పేరు రాసుకోవచ్చు, బస్ టికెట్ మీద రాసుకోలేం కాబట్టి ఇలాంటివాటికి డబ్బివ్వడానికి జనం ముందుకి రారని కూడా చెప్పారు.

డబ్బు నిలకడగా వస్తే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలో సెయింట్ జూడ్ అనే పిల్లల హాస్పిటల్ ఉంది, డానీ థామస్ అనే కమెడియన్ పట్టుబట్టి 1962లో తెరిపించాడు, ట్రీట్‌మెంట్‌కి కుటుంబాలకి బిల్లు వెయ్యరు, ఎక్కువగా జనం ఇచ్చే విరాళాలతోనే నడుస్తుంది. ఆ రోజుల్లో పిల్లల్లో ఎక్కువగా కనపడే రకం బ్లడ్ కేన్సర్ వస్తే వందకి నలుగురు బతికేవాళ్ళు, ఇప్పుడు అక్కడ 94 మంది బతుకుతున్నారు. లండన్లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల హాస్పిటల్ కూడా 1852లో ఒక ఇంట్లో పది బెడ్లతో మొదలైందే, డబ్బుల్లేక ఇబ్బంది పడుతుంటే 1858లో ఇంగ్లీషు నవలా రచయిత చార్లెస్ డికెన్స్ స్వయంగా జనం ముందు నిలబడి తన రచన చదివి వినిపించి డబ్బు పోగుచేసి ఇచ్చాడు.

పాటతో డబ్బు పోగుచెయ్యడం ఇంకా పాతది. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో హాండెల్ అనే సంగీతకారుడు తన మెస్సయ్య సంగీత రచనని మొదటిసారి వినిపించాడు, వచ్చిన డబ్బు అప్పుల కింద జైల్లో పడినవాళ్ళని విడిపించడానికీ రెండు హాస్పిటల్స్‌కీ మూడు భాగాలుగా పంచారు. ఇందులో మీకు నచ్చే ముక్క ఒకటుంది ఎడిటర్ గారూ, హాలు చిన్నది, జనం ఎక్కువ, అందుకని ఆడవాళ్ళు గౌన్ల కింద వేసుకునే పెద్ద పెద్ద వలయాలు లేకుండా రావాలి, మగవాళ్ళు కత్తులు ఇంటి దగ్గర పెట్టి రావాలి, అలా అయితే ఇంకొంతమంది పడతారు అని అప్పటి పేపర్లో వేయించారు. జనం నిజంగానే మాట విన్నారు, ఏడొందల మంది ఇరుక్కుని కూర్చున్నారు. తర్వాత 1750లో అదే రచనని లండన్లో అనాథ పిల్లల్ని పెంచే ఫౌండ్లింగ్ హాస్పిటల్ కోసం వాయించాడు, మొదటిరోజు చోటు చాలక వెనక్కి పోయినవాళ్ళ కోసం రెండు వారాల్లో మళ్ళీ పెట్టాల్సొచ్చింది, ఇక అప్పట్నుంచి ఏటేటా నడిచింది, పోయేముందు వీలునామాలో ఆ రచన కాపీ కూడా ఆ సంస్థకే రాసిచ్చాడు. 280 ఏళ్ళ కింద జనం సీటు కోసం కత్తులు ఇంట్లో వదిలి వచ్చారు, నేను పాసు వదిలేసి రమ్మంటున్నా, అంతే తేడా.

మనవాళ్ళలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారున్నారు, మంచి పనుల కోసం ఆవిడ చేసిన కచేరీలు ఎన్నో, 1974లో ఆవిడకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది ప్రజాసేవ విభాగంలో, గాయనికి ప్రజాసేవ అవార్డు ఏంటని ఎవరికైనా అనుమానమొస్తే జవాబు ఆ కచేరీలే. ఇప్పటివాళ్ళలో సినిమా సింగర్ పలక్ ముచ్చల్ చిన్నపిల్లగా ఉన్నప్పట్నుంచీ పిల్లల గుండె ఆపరేషన్ల కోసం పాడుతోంది, మూడు వేలకి పైగా ఆపరేషన్లకి ఆమె పాట డబ్బు ఇచ్చింది. ఇవి చెప్తే "వాళ్ళు పెద్ద ఆర్టిస్టులండీ, మీరెంత" అంటారు. నిజమే, మేమెంత. కానీ గుండె ఆపరేషన్ థియేటర్లో ఖర్చయ్యే డబ్బుకి అది ఎవరి పాటకొచ్చిందో తెలీదు కదా.

ఇక లెక్కలు. ఈ విషయం మీద నాకు కొంచెం పట్టుదల ఎక్కువ అని మా కమిటీలో నన్ను ఆటపట్టిస్తారు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో మేడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బీటిల్స్ బ్యాండ్‌లో వాయించిన జార్జ్ హారిసన్, మన పండిట్ రవిశంకర్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కాన్సర్ట్ పెట్టారు, ఒకే రోజు రెండు షోలు. (రవిశంకర్ గారు సితార్ శ్రుతి చేసుకోవడం అయిపోగానే జనం చప్పట్లు కొట్టేశారు, శ్రుతి చేసుకుంటేనే ఇంత నచ్చితే వాయిస్తే ఇంకా నచ్చుతుందనుకుంటా అని ఆయన నవ్వుతూ అన్నారు, వాయించేవాళ్ళందరికీ ఇష్టమైన కథ ఇది.) టికెట్ల మీద వచ్చిన రెండు లక్షల 43 వేల డాలర్ల పైచిలుకు వెంటనే పిల్లల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ యూనిసెఫ్‌కి వెళ్ళిపోయింది. కానీ ఆ తర్వాత రికార్డు మీద, సినిమా మీద వచ్చిన అసలు పెద్ద డబ్బు, కొన్ని మిలియన్ల డాలర్లు, ఏళ్ళ తరబడి ఇరుక్కుపోయింది. దొంగతనం కాదు, ఎవరూ తినెయ్యలేదు. ముందుగా ఛారిటీ కింద పన్ను మినహాయింపు పేపర్లు పెట్టుకోకుండా షో చేసేశారు, దాంతో ట్యాక్స్ వాళ్ళు పట్టుకు కూర్చున్నారు. మనసు మంచిదే, కాగితం లేదు, పిల్లలకి పాలడబ్బాల కింద పోవాల్సిన డబ్బు ఫైళ్ళలో పడుకుంది.

అందుకని మేం పాట రిహార్సల్ మొదలెట్టకముందే కాగితం పని పూర్తి చేశాం. టికెట్ డబ్బు మా ఎవరి అకౌంట్లోకీ రాదు, తిన్నగా హాస్పిటల్ ఛారిటీ అకౌంట్లోకే పోతుంది. హాలు అద్దె, సౌండ్, లైట్లు, పాటల రాయల్టీ లైసెన్సు, బయట నుంచి వచ్చే ఆర్టిస్టుల ప్రయాణం ఇవన్నీ స్పాన్సర్ల డబ్బులోంచి మాత్రమే, అది చాలకపోతే మేం వేసుకుంటాం. వాయించేవాళ్ళెవరం డబ్బు తీసుకోవట్లేదు. బొకేలు, మెమెంటోలు, ఉపన్యాసాలు ఏమీ లేవు, చీఫ్ గెస్ట్ లేరు, ఈ ముక్క చెప్పగానే ఇద్దరు స్పాన్సర్లు చల్లబడ్డారు, పర్లేదు. అయినా మీరు మా మాట నమ్మి ఊరుకోకండి. మాదనే కాదు, ఎవరు ఛారిటీ షో అని టికెట్ చేతిలో పెట్టినా రెండు ప్రశ్నలు అడగండి, ఈ డబ్బు ఎవరి అకౌంట్లోకి పోతుంది, ఖర్చులు పోగా ఇస్తారా మొత్తం ఇస్తారా. "ఆదాయంలో కొంత భాగం" అని పోస్టర్ మీద ఉంటే ఎంత భాగమో అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే టికెట్ వెనక్కిచ్చేసి ఆ డబ్బేదో డైరెక్ట్‌గా హాస్పిటల్‌కే పంపించండి.

పిల్లల్ని స్టేజ్ మీదకి తీసుకురమ్మని మాకు చాలామంది సలహా ఇచ్చారు. జబ్బు పిల్లాణ్ణి పక్కన నిలబెట్టి వాళ్ళమ్మ చేత నాలుగు మాటలు చెప్పిస్తే హాల్లో అందరికీ కళ్ళు చెమ్మగిల్లుతాయి, డబ్బు బాగా పోగవుతుంది అని. పోగవుతుంది, కాదనను. కానీ ఆ పిల్లాడు రేపు నయమై స్కూల్‌కెళ్తాడు, పదేళ్ళ తర్వాత కూడా ఆ వీడియో ఎవరో ఒకరి ఫోన్లో తిరుగుతూనే ఉంటుంది, వాణ్ణి అడిగి పెట్టామా? మా పోస్టర్ మీద పిల్లల ఫోటో లేదు, వయొలిన్ బొమ్మ ఉంది. మీ రిపోర్టర్లకి కూడా అదే రిక్వెస్టు, హాస్పిటల్ ఫోటోలు తీసుకోండి, పరికరాలు తీసుకోండి, నర్సులు ఒప్పుకుంటే వాళ్ళవి తీసుకోండి, పిల్లల మొహాలు మాత్రం వద్దు.

ప్రోగ్రాం గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి, సేవ పేరు చెప్పి నాసిరకం పాట వినిపించే ఉద్దేశం మాకు లేదు. మొదట్లో అరగంట శాస్త్రీయ సంగీతం, తర్వాత పాత సినిమా పాటలు, చివర్లో వయొలిన్, ఫ్లూటు, మృదంగం, కీబోర్డ్ కలిపి ఒక అంశం ఉంది, దానిమీద ఎన్ని సాయంత్రాలు పోయాయో మా ఇంట్లోవాళ్ళని అడగాలి. నా పార్ట్ కాస్త కష్టంగానే ఉంది, మా ఫ్లూట్ అబ్బాయి మాత్రం ఇరగదీస్తున్నాడు, అతని కోసమన్నా రండి. చెప్పిన టైమ్‌కే మొదలవుతుంది, ఎవరి కోసమూ ఆగదు. పిల్లల్ని తీసుకురావచ్చు, ఏడిస్తే బయటికి తీసుకెళ్ళి మళ్ళీ లోపలికి రావచ్చు, ఎవరూ మొహం చిట్లించరు. సౌండ్ విషయంలో మా సౌండ్ ఇంజనీర్‌తో పెద్ద గొడవే అయ్యింది, డబ్ల్యూహెచ్‌ఓ 2022లో ఇలాంటి ప్రోగ్రాములకి పావుగంట సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని పెట్టింది, మేం దానికి బాగా కిందే ఉంచుతాం, పిల్లల హాస్పిటల్ కోసం షో చేసి పిల్లల చెవులు చెడగొట్టడం ఏం న్యాయం? అయినా స్పీకర్లకి దగ్గరగా చిన్నపిల్లల్ని కూర్చోబెట్టకండి.

ఎడిటర్ గారూ, మీకు రెండు విన్నపాలు. ఒకటి, షోకి ముందు ఎక్కడో మూలన చిన్న జాగా ఉంటే ఫ్రీగా ప్రకటన వెయ్యండి. రెండోది దీనికన్నా ముఖ్యం, షో అయ్యాక ఎన్ని టికెట్లు అమ్మాం, ఎంత వచ్చింది, హాస్పిటల్ ఏమేం కొంది, బిల్లులతో సహా మీ ఆఫీసుకి పంపిస్తాం, అది కూడా వెయ్యండి. షోకి ముందు ప్రకటన వెయ్యమని అందరూ అడుగుతారు, అయ్యాక లెక్క వెయ్యమని మీకు ఎంతమంది రాస్తారో నాకు డౌటే.

లెటర్ పెద్దదైపోయింది, కాలమ్‌లో పట్టదని తెలుసు. కట్ చెయ్యాల్సొస్తే హాండెల్ సంగతి తీసెయ్యండి, నా కీబోర్డ్ గొడవ తీసెయ్యండి, పాసులు లేవన్న ముక్క, లెక్కల పేరా మాత్రం ఉంచండి. ఇంకా జాగా మిగిల్తే కుర్చీల సంగతి కూడా.

ఇట్లు,
మీ పాఠకుడు, ఆర్కెస్ట్రాలో కీబోర్డ్, టికెట్ల కౌంటరు